నాలుగోవాడి సంబంధం

ఫిబ్రవరి 9

ఇంకా శ్రీమతి కాని మా ఆడపడుచు గారికి,

వదిన నమస్కారాలు పెడుతోందనుకునేవు, పెట్టడం లేదు. పోయినసారి వచ్చినప్పుడు నా గొడుగు పట్టుకుపోయావు. ఇక్కడ నేను షాపు నించి ఇంటికి అట్టముక్క నెత్తిన పెట్టుకుని వస్తున్నాను. అందరి తలలూ తీర్చిదిద్దేదాన్ని, నా తల చూసుకుంటే నాకే నవ్వొస్తోంది.

ఫోన్ చెయ్యకుండా ఈ కాలంలో ఉత్తరమేమిటా అనుకుంటున్నావా? ఫోన్ చేస్తే మీ అన్నయ్య వింటారు. ఆయన ఏ గదిలో ఉన్నా ఆయన చెవులు మాత్రం నా పక్కనే ఉంటాయి. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ రోజూ తుడిచి ఛార్జింగ్ పెట్టేది ఆయనే. అందుకని కాగితం. ముందు ఒట్టు వెయ్యి, ఎవరికీ చెప్పనని. వేశావా? సరే విను.

నా చేతులు పాడయ్యాయే. మొదట వేళ్ళ సందుల్లో దురద. ఏదో కుట్టిందనుకున్నాను. తర్వాత చిన్న చిన్న నీటిపొక్కులు. అవి పగిలి, ఆరి, చర్మం చీలికలు పడింది. కత్తెర రింగులో వేలు పెడితే ప్రాణం అక్కడే పోతోంది. వచ్చినవాళ్ళకి చలికి పగిలాయని చెప్తున్నాను. రెండో కుర్చీ దగ్గర పనిచేసే అమ్మాయి ఉంది కదా, అది కటింగ్ బాగానే చేస్తుంది కానీ, జుట్టుకి రంగు వెయ్యాలంటే అందరికీ నేనే కావాలి. నేను కలిపిన రంగు రంగులా ఉండదు, పుట్టు జుట్టులా ఉంటుందని పేరు. ఆ పేరు తెచ్చుకోవడానికి ఎన్ని తలలు కడిగానో నీకు తెలుసు.

మీ అన్నయ్యకి తెలిసిందా, అయిపోయింది. లిఫ్టు మెకానిక్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎక్కడ చిన్న చప్పుడొచ్చినా ముందు కరెంటు తీసేసి, తర్వాత ఆలోచించడం ఆయన పద్ధతి. నా షాపు షట్టరు ఆ రోజే దింపించేస్తారు.

ఇంకో బాధ కూడా ఉంది. ఈ మధ్య ఆయన నా మీద దేనికో అలిగారు. నన్ను గిన్నెలు తోమనివ్వడం లేదు. నువ్వు తోమితే జిడ్డు పోవట్లేదంటారు. ఇన్నేళ్ళూ పోయిన జిడ్డు ఇప్పుడెందుకు పోవట్లేదో! పొద్దున్నే నాకన్నా ముందు లేచి, మొహం ముడుచుకుని, గిన్నెలన్నీ తోమేసి బోర్లిస్తున్నారు. ఏం మాట్లాడరు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నువ్వు ల్యాబులో చర్మం ముక్కలేవో చూస్తావు కదా. ఏం రాసుకోవాలో చెప్పు తల్లీ.

గొడుగు లేని నీ వదిన

ఫిబ్రవరి 20

వదినా,

గొడుగు క్షేమం. ఒట్టు కూడా వేశాను, ఎడం చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ.

నీ చేతుల సంగతి. రోజంతా నీళ్ళు, షాంపూ, సబ్బు. ఆ తడికి చర్మంలోని నూనె అంతా పోయి పగుళ్ళు పడి ఉంటుంది. మందుల షాపులో పల్చటి రబ్బరు గ్లవ్స్ దొరుకుతాయి, అవి వేసుకుని పని చెయ్యి. పడుకునే ముందు వాజలీన్ దట్టంగా రాసుకో. అప్పటికీ తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. అన్నయ్య అలకంటావా, వాడు చిన్నప్పుడు కూడా అంతే, దేనికి అలిగాడో వాడికే తెలీదు. రెండు రోజులు పట్టించుకోకు.

నా పని గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. ఒంట్లో కొన్ని కణాలుంటాయి, డెండ్రిటిక్ కణాలని. చెట్టుకి కొమ్మల్లా ఒంటి చుట్టూ చేతులుంటాయి వాటికి. చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కూర్చుని ఆ చేతులతో చుట్టూ తడుముతూ ఉంటాయి. ఏదైనా కొత్తది తగిలితే ఒక ముక్క నోట్లో వేసుకుని, నేరుగా లింఫు గ్రంథికి బయల్దేరతాయి. దెబ్బ తగిలితే చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కడుతుంది చూడు, ఆ బిళ్ళే. అక్కడ మన ఒంటి సైన్యం ఉంటుంది. ఈ ముక్క చూపించి, ఇది శత్రువా, మనవాడా అని చెప్పేది వీళ్ళే. ఎక్కువసార్లు వీళ్ళు చెప్పేది "మనవాడే, ఊరుకోండి" అని. లేకపోతే తిన్న ప్రతి ముద్దతోనూ మనకి యుద్ధమే.

వీళ్ళలో అందరూ ఒకటి కాదు. మొదటి రకంవాడు చచ్చిన కణాలనీ, వైరస్ పట్టిన కణాలనీ తిని, చంపే సైనికులకి చూపిస్తాడు. రెండో రకంవాడు మిగతా సైనికులకి ఎవరెవరు ఏ పనికి వెళ్ళాలో చెప్తాడు. మూడోవాడికి మామూలుగా కొమ్మలే ఉండవు, గుండ్రంగా ఉంటాడు, కానీ వైరస్ కనపడిందా, ఊరంతా వినపడేలా కేకలు పెడతాడు. చర్మం పైపొరలో కాపురం పెట్టుకున్నవాళ్ళు ఇంకో శాఖ. వాళ్ళని మొట్టమొదట చూసినాయన నరాలనుకున్నాడట!

ఇక్కడినించి వేరే కాగితం మీద రాస్తున్నాను. ఇది రహస్యం.

నాకు ఒకడు దొరికాడేమోనని అనుమానం వదినా. నాలుగోవాడు. ముందు ముగ్గుర్నీ అందరూ ఎరుగుదురు, కానీ వీడి తీరే వేరు. మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మా పెద్దావిడకి నిన్ననే చెప్పాను, తొందరపడకు అంది. అన్నయ్యకి మాత్రం చెప్పకు, పదిమందికీ చాటేస్తాడు. ఖాయమైతే నా జీవితమే మారిపోతుంది. కాకపోతే అన్న మాట ఇప్పుడు వద్దు.

నీ ఆడపడుచు

మార్చి 6

ఓసి దొంగా!

నీ ఉత్తరం షాపులో విప్పాను. మొదటి కాగితం చదివి బల్ల మీద పెట్టానో లేదో, ఫ్యాను గాలికి మధ్య కాగితం ఎగిరి రంగుగిన్నెలో పడింది. తీసేసరికి నల్లగా నిగనిగలాడుతోంది. నీ పని గురించేదో రాసినట్టున్నావు, పోనీలే, మళ్ళీ ఎప్పుడైనా చెప్దువు. అసలైన కాగితం మాత్రం దక్కింది!

నాలుగోవాడా? ముందు ముగ్గుర్నీ అందరూ ఎరుగుదురా? ఆ అందరిలో నేనెందుకు లేను? ఒక్కడి గురించైనా ఈ వదినకి చెప్పావా? సరే, పోయినవాళ్ళ మాట వదిలెయ్. ఈ నాలుగోవాడి సంగతులు చెప్పు. చూడ్డానికి ఎలా ఉంటాడు? ఏం పని చేస్తాడు? ఒక చోట కుదురుగా ఉండే రకమేనా? మీ పెద్దావిడ తొందరపడకు అందంటే ఆవిడ ఏం చూసి అంది? ఇలాంటి విషయాల్లో పెద్దవాళ్ళ మాట కొట్టిపారెయ్యకూడదు. ఆవిడ నీతో రోజూ ఉంటుంది, నేనైతే దూరంగా ఉన్నాను.

చేతులు బాగానే ఉన్నాయి. నువ్వు చెప్పిన గ్లవ్స్ వేసుకుంటున్నాను. ఆ మాట ఇంక వదిలెయ్.

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నానో నా పొట్టకే తెలుసు.

ఆ ముగ్గురిలో ఒక్కణ్ణీ ఎరగని నీ వదిన

మార్చి 17

హాస్యాల వదినా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి గట్టిగా నవ్వేశాను. పక్క బల్లవాళ్ళు ఏమిటేమిటని మీదపడ్డారు. వీడికి పెళ్ళిచూపులు పెట్టింది ప్రపంచం మొత్తం మీద నువ్వొక్కదానివే. సరే, నీ ధోరణిలోనే జవాబు చెప్తాను.

చూడ్డానికి చేతులు మహా పొడుగు. ఊరికే ఉండవు, పక్కవాళ్ళని తడుముతూనే ఉంటాయి. కుదురా? అస్సలు లేదు. కడుపు నిండేదాకా ఒక చోట, నిండిన మర్నాడు ఇంకో చోట. దొరికింది దొరికినట్టు నోట్లో వేసుకుంటాడు. పోయినవాళ్ళ సామాను మూటగట్టుకుని వెళ్ళి నలుగురికీ చూపిస్తాడు, అదే వాడి ఉద్యోగం.

మా పెద్దావిడకి మాత్రం వీడి మీద నమ్మకం కుదరట్లేదు. "వీడు కొత్తవాడు కాదమ్మా, నీ పాత ముగ్గురిలోనే ఎవడో వేషం మార్చుకుని వచ్చాడు" అంటోంది. నాకు ఉడుకుమోత్తనం వచ్చి, కాదని నిరూపిస్తానన్నాను. ఇప్పుడు వాడి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నాం. ఎవరికి పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, అన్నీ బయటపడతాయి.

నిజం చెప్పనా, నాకు భయంగానే ఉంది. ఇన్నాళ్ళూ వీడి మీదే ఆశ పెట్టుకున్నాను. రాత్రీ పగలూ వీడి గొడవే.

చేతులు తగ్గాయన్నావు, సంతోషం. నీ అక్షరాలెందుకు అలా వంకరపోయాయి? కస్టమర్ని కూర్చోబెట్టి రాశావా?

ఆడపడుచు

ఏప్రిల్ 2

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నవ్వేశానని రాశావు, నాకైతే ఏడుపొచ్చింది. ఇదేం మనిషే? పోయినవాళ్ళ సామాను తీసుకుపోవడం ఉద్యోగమా? పక్కవాళ్ళని తడుముతాడని తెలిసి కూడా వాడి మీద ఆశ పెట్టుకున్నానంటావేమిటి? పైగా పాతవాడే వేషం మార్చుకుని వచ్చాడని ఆ పెద్దావిడ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తుంటే, కాదని నిరూపిస్తావా? నువ్వు చదువుకున్నదానివి. నాలాంటిదానికే తెలుస్తోంది ఇది మంచి సంబంధం కాదని.

ఒట్టు గట్టున పెట్టి మీ అన్నయ్యకి చెప్పేశాను. ఒట్టు వేసింది నువ్వు, నేను కాదు, కాబట్టి చెల్లుతుంది. ఆయన అరుస్తారనుకున్నాను, అరవలేదు. "నేను వెళ్ళి వాణ్ణి చూసొస్తాను" అన్నారు. చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకున్నారు. రెండుసార్లు. పనిముట్ల సంచి కూడా సర్దుకుంటుంటే, "అదెందుకండీ?" అన్నాను. "ఉండనీ" అన్నారు. ఈ ఉత్తరం కన్నా ముందు ఆయనే వచ్చేస్తారేమో. కోప్పడకు. ఆ అబ్బాయిని మాత్రం ఆ రోజుకి ఎటైనా పంపించెయ్.

అక్షరాలు కుదరట్లేదు, ఎడం చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి పనిలో ఉంది.

వదిన

ఏప్రిల్ 12

నా బంగారు వదినా, నా పిచ్చి వదినా,

నువ్వనుకున్నట్టే ఉత్తరం కన్నా అన్నయ్యే ముందొచ్చాడు. జరిగిందంతా వరసగా చెప్తాను, నిలబడి చదవకు, కూర్చో.

గేటు దగ్గర కాపలా ఆయన ఫోన్ చేసి, "మీ అన్నగారట, మీ నాలుగో అబ్బాయిని చూడాలంటున్నారు, చేతిలో స్పానర్ల సంచి ఉంది, పంపమంటారా?" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. కిందికి పరిగెత్తాను. అన్నయ్య కడక్ చొక్కాలో, మూతి బిగించుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎక్కడ వాడు?"

"ఎవడు?"

"ఆ చేతులు పొడుగువాడు."

అప్పుడు వెలిగింది నాకు. మధ్య కాగితం! రంగుగిన్నెలో పడిందంటే అదీ నీ హాస్యమే అనుకున్నాను, నువ్వు నిజంగానే చదవనిది సరిగ్గా ఆ కాగితమే! నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడితే, ఏడుస్తున్నాననుకుని పాపం వాడు రుమాలు తీసిచ్చాడు. సరిగ్గా అప్పుడే మా ల్యాబు పెద్దావిడ మెట్లు దిగుతోంది. విషయం చెప్తే ఆవిడ ఏమాత్రం నవ్వకుండా, "ఇంత దూరం వచ్చారు, చూపించకుండా పంపితే ఎలా? రండి" అని పైకి తీసుకెళ్ళింది.

మైక్రోస్కోపుకి తగిలించిన తెర మీద వాణ్ణి పెట్టాం. రంగు వేసిన కణం, నల్లటి తెర మీద పచ్చగా, చేతులు చాపుకుని ఉన్నాడు. అన్నయ్య చాలాసేపు చూశాడు. "ఇదా?" అన్నాడు. తర్వాత, "బాగున్నాడే" అన్నాడు. మా పెద్దావిడ అప్పుడు నవ్వింది చూడు, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇంక మొదలుపెట్టాడు ప్రశ్నలు. ఎన్ని రకాలున్నాయి, అన్ని రకాలెందుకు, ఒక్కడే అన్ని పనులూ చెయ్యకూడదా అని. లిఫ్టులో బరువు చూసే పరికరం ఒకటి, తలుపు మూసుకుందో లేదో చూసేది ఒకటి, తాడు జారితే పట్టుకునేది ఒకటి, దేనికదే ఉంటాయన్నాడు. తనకి తనే జవాబు చెప్పుకుని తృప్తిపడ్డాడు. తర్వాత అడిగాడు, "వీళ్ళు ఎప్పుడైనా తప్పు చెప్తారా? ఏమీ లేకుండా ప్రమాదం ప్రమాదమని?"

"చెప్తారు" అన్నాను. "మామూలు వస్తువునే శత్రువని చెప్తారు. రోజూ చర్మానికి తగిలే ఏ లోహమో, సెంటో, జుట్టుకి వేసే..."

అక్కడ ఆగిపోయాను వదినా. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పనే ఇది. అది నా కళ్ళ ముందు నీ ఉత్తరంలో ఉంటే, నేను సబ్బు అన్నాను, వాజలీన్ అన్నాను.

అన్నయ్య తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "మీ వదిన చేతులా?"

నేను తెర వెలుతురు సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. ఒట్టు ఉంది కదా.

"నువ్వేం చెప్పక్కర్లేదు. గిన్నెలు నేనెందుకు తోముతున్నాననుకున్నావ్? సబ్బు తగిలితే మంటపుడుతోంది తనకి. పైకి అనదు. నేనడిగితే షాపు మూసెయ్యమంటానని భయం."

"అనవా?"

"ఎందుకంటాను?" అన్నాడు. "పని అయిపోయాక నేను వెళ్ళి రోడ్డుకి అవతల నిలబడతాను, తనకి తెలీదు. కత్తెర పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి తల వంచి చూస్తుంది చూడు, ఆ చూపు ఇంట్లో ఎప్పుడూ చూడలేదు నేను. దాన్ని మూసెయ్యమంటానా?"

ఇంకా చెప్పాడు. నీ కనురెప్పలు వాస్తున్నాయట. సీరియల్ చూసి ఏడ్చానని చెప్పావట. మన ఇంట్లో టీవీ చెడిపోయి ఎంత కాలమైందో నీకు గుర్తు లేదు, వాడికి గుర్తుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఈ ఉత్తరం రంగుగిన్నెకి దూరంగా పట్టుకో. రంగు కలపడం, వెయ్యడం, కడగడం అన్నీ ఆపెయ్. నేను చెప్పిన ఆ పల్చటి రబ్బరు గ్లవ్స్ లోపలికి ఆ రంగు మందు ఇంకుతుంది. లోపల చెమటతో కలిసి ఇంకా ఎక్కువ చేస్తుంది. తగ్గిందని నువ్వు రాశావు, నేను నమ్మాను. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళి ప్యాచ్ టెస్ట్ చెయ్యమని అడుగు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, దేనికి పడట్లేదో చూస్తారు. నా అనుమానం తప్పు కావచ్చు. కానీ చూపించుకో.

నా ఒట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

నీ ఆడపడుచు

తా.క. సంచి ఊరికే మోసుకురాలేదు. వెళ్ళేముందు మా బిల్డింగు లిఫ్టు చప్పుడు విని, ఆగలేక విప్పి బాగుచేసి వెళ్ళాడు. మా పెద్దావిడ ఇప్పుడు నన్ను వదిలేసి మీ ఆయన క్షేమసమాచారాలు అడుగుతోంది.

ఏప్రిల్ 30

అమ్మలూ,

నవ్వుతూ మొదలుపెట్టి ఏడుస్తూ చదివాను నీ ఉత్తరం. లేక ఏడుస్తూ మొదలుపెట్టానో. పెళ్ళిచూపుల సంగతి ఎవరికైనా చెప్పావంటే నీ గొడుగు దొంగతనం కూడా బయటపెడతాను.

ఆయన ఇంటికొచ్చి చొక్కా మార్చుకున్నారు. "ఎలా ఉన్నాడండీ అబ్బాయి?" అన్నాను, నీ ఉత్తరం అందలేదు కదా అప్పటికి. "పచ్చగా ఉన్నాడు" అన్నారు. "బాగా సన్నం." నేను బుర్ర గోక్కున్నాను. తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పి, ఆఖర్న, "ఏదీ, చేతులు చూపించు" అన్నారు. నేను వెనక్కి దాచుకున్నాను, చిన్నపిల్లలా. ఆయన లాగలేదు. అలాగే చెయ్యి చాపుకుని కూర్చున్నారు. ఎంతసేపని దాచుకుంటాను? పెట్టాను.

ఇన్నాళ్ళూ తెలిసి ఎందుకు ఊరుకున్నారని తర్వాత బాగా దెబ్బలాడాను. నా జిడ్డు గిన్నెలని వంకపెట్టడం కన్నా నోరు తెరిచి అడిగితే పోయేది కదా? "నువ్వే చెప్తావని" అన్నారు. ఇద్దరం ఇద్దరమే. రాత్రి భోజనం దాకా మాట్లాడుకోలేదు, తర్వాత మాట్లాడుకున్నాం.

డాక్టరమ్మ నా వీపు నిండా పట్టీలు అంటించింది. అద్దంలో చూసుకుంటే దూరదేశాలు తిరిగొచ్చిన కవరులా ఉన్నాను, ఒళ్ళంతా స్టాంపులే. తడపకూడదు, గోకకూడదు. మళ్ళీ వెళ్తే అన్నీ పీకి చూసింది. అన్ని గళ్ళూ మామూలుగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఎర్రగా పొంగి ఉంది. రంగు మందుదే.

ఇంకెప్పుడూ ముట్టుకోకూడదంది. ఇప్పుడు తగ్గినా, ముట్టుకుంటే మళ్ళీ వస్తుందట. ఒంటికి అది గుర్తుండిపోయిందట, జన్మంతా మర్చిపోదట. ఇంట్లో ఒక్కరికీ నా పుట్టినరోజు గుర్తుండదు, ఈ ఒంటికి మాత్రం రంగు గుర్తుంది!

జోకు వేశాను కానీ, ఇంటికొచ్చి ఆ రోజు షాపు తియ్యలేదు. రంగు లేకపోతే నేనేమిటి? కటింగ్ ఎవరైనా చేస్తారు. మీ అన్నయ్య షట్టరు మాట ఎత్తలేదు. "షాపు నీది. ఏం చేద్దామో చెప్పు, చేద్దాం" అన్నారు. ఏం చేద్దామో నాకు తెలిస్తే కదా.

ఇంతకీ ఇది నాకు చేసిందెవరు? నీ మొదటివాడా, రెండోవాడా, ఆ నాలుగోవాడా? వాడికి కాస్త చెప్పరాదూ, రంగు మనదే, ఊరుకోమని?

చేతులు తెల్లటి ఆయింట్‌మెంటు పూసుకుని కూర్చున్న

నీ వదిన

మే 18

వదినా,

అక్షరాలు తిన్నగా ఉన్నాయి! అందుకే ముందు ఉత్తరాన్ని చదవలేదు, చూశాను.

నీ ప్రశ్నకి జవాబు: ఒక్కడని చెప్పలేం. చర్మం పైపొరలో ఉండేవాళ్ళూ, కింద పొరలో ఉండేవాళ్ళూ అందరూ కలిసే చేశారు. రంగు మందు నీ చర్మంలోకి దిగి, నీ సొంత సరుకుకే అంటుకుని దాని రూపం మార్చేసింది. వాళ్ళు చూసి, ఇది మనది కాదనుకుని చంకలోని గ్రంథికి కబురు మోశారు. గుర్తుపెట్టుకున్నది మాత్రం వీళ్ళు కాదు. ఆ కబురు విన్న సైనికులు. వాళ్ళకి ఇప్పుడు చెప్పి ఒప్పించే మార్గం మాకింకా తెలీదు. చెప్పగలిగితే ముందు నీ చేతుల గురించే చెప్తాను.

ఇక నాలుగోవాడు. తేలిపోయింది వదినా. వాడు లేడు.

మా పెద్దావిడ అన్నదే నిజం, కానీ ఆవిడ అనుకున్నట్టూ కాదు. వాడు పాతవాళ్ళలో ఒకడు కాదు, ఇద్దరు. మొదటివాడూ, రెండోవాడూ కడుపు నిండాక గ్రంథికి బయల్దేరేటప్పుడు ఒకేలాంటి ప్రయాణం బట్టలు వేసుకుంటారు. ఆ బట్టల్లో వాళ్ళని చూసి నేను కొత్త మనిషనుకున్నాను. పుట్టుక దాకా తవ్వితే సగంమంది ఆ ఇంటివాళ్ళు, సగంమంది ఈ ఇంటివాళ్ళు. వేరే అవయవాల్లో ఇలాంటిది ఇదివరకే చూసినవాళ్ళున్నారు కూడా.

చూసిన రోజు వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఆవిడ గదికి వెళ్ళి, "మీరే గెలిచారు" అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇద్దరని నేనూ అనుకోలేదు. ఎప్పుడు రాస్తావ్?" అంది. అంతే. ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే ఒకటి తెలిసింది, కొత్తవాడు దొరికితే ఎంత సంతోషపడేదాన్నో అంతకి కాస్త తక్కువగా, కానీ హాయిగానే ఉంది. ఇద్దరు పాతవాళ్ళు దారి మధ్యలో ఒకేలా ఎందుకు మారతారన్నది ఇప్పుడు నా ప్రశ్న. దాంతో చాలా కాలం గడిచిపోతుంది.

రంగు లేకపోతే నేనేమిటి అన్నావు. అన్నయ్య రోడ్డుకి అవతల నిలబడి చూసింది రంగుని కాదు కదా వదినా.

వచ్చే నెల వస్తాను. నా జుట్టు నువ్వే కత్తిరించాలి. ఇక్కడ ఒకామె చేసిన ఘోరానికి నెల నించీ టోపీ పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆడపడుచు

సెప్టెంబరు 14

పెళ్ళికాని, నాలుగోవాడు దక్కని, అయినా దిగులు లేని మా అమ్మాయికి,

నువ్వొచ్చి వెళ్ళాక ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాయకపోవడానికి కారణం చేతులు కాదు, తీరిక లేకపోవడం. చేతులు బాగున్నాయి. నిజంగా. కొత్త చర్మం కాస్త గులాబిరంగులో, మెత్తగా ఉంది. కత్తెర రింగులో వేలు హాయిగా దూరుతోంది.

షాపు వెనక సామాను గది ఖాళీ చేయించాం. మీ అన్నయ్య అక్కడ బేసిన్, గాలి బయటికి లాగే ఫ్యానూ బిగించారు. రంగు పని అంతా ఇప్పుడు ఆ గదిలో, మన రెండో కుర్చీ అమ్మాయిది. డాక్టరమ్మ చెప్పిన మందపాటి గ్లవ్స్ లేకుండా దాన్ని గడప దాటనివ్వను. మొదట్లో తలుపు బయట నిలబడి, "కాస్త ఎరుపు ఎక్కువ కలుపు, చెవుల దగ్గర ముందు పెట్టు" అని అరిచేదాన్ని. ఒకరోజు అది తలుపు మూసేసింది. కోపం వచ్చింది, తర్వాత చూస్తే అది వేసిన రంగు బాగానే ఉంది. ఇప్పుడు అరవడం మానేశాను. చాలావరకు.

ముందు గదిలో నేను ఒట్టి కత్తిరింపు. వచ్చేవాళ్ళు తగ్గుతారనుకున్నాను, కొందరు తగ్గారు. కానీ ఇంకోలాంటివాళ్ళు రావడం మొదలైంది. అది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇక్కడ ఆడపిల్లల బడిలో హెడ్‌మాస్టరమ్మగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకరున్నారు. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరే నల్లరంగు. పాపిటలో ఒక్క తెల్ల వెంట్రుక కనపడినా ఊరుకునేవారు కాదు. రంగు ఆ అమ్మాయి వేస్తుందని చెప్తే, కుర్చీలో బిగుసుకుపోయి, "నీ చేత్తో అయితేనే, లేకపోతే వద్దు" అన్నారు. నేను చేతులు చూపించాను. అప్పటికింకా పొలుసులు పొలుసులుగా ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు రెండువైపులా తిప్పి చూసి, "సరే, అయితే వదిలేద్దాం" అన్నారు. వదిలేద్దామన్నది రంగునేనని నాకు వెంటనే అర్థం కాలేదు.

అప్పట్నించీ వచ్చినప్పుడల్లా చివర్లు కొంచెం కొంచెం కత్తిరిస్తూ వచ్చాను. పైన తెలుపు, కింద నలుపు. వీధిలో అందరూ చూస్తున్నారని ఆవిడ తలకి గుడ్డ చుట్టుకుని వచ్చేవారు. నిన్న చెప్పాను, "ఇవాళ మిగిలిన నలుపంతా తీసేస్తాను, పొట్టిగా అవుతుంది, సరేనా?" అని. కళ్ళు మూసుకుని తల ఊపారు.

తియ్యడానికి చాలాసేపు పట్టింది. పొట్టి జుట్టు కత్తిరించడంలో దాచుకోవడానికేమీ ఉండదు, ప్రతి వెంట్రుకా కనపడుతుంది. ఆఖర్న మెడ వెనక దులిపి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. అచ్చమైన తెలుపు, మెత్తగా, చెవుల మీదికి. నా చేత్తో చేసిన పనిలో ఇంత బాగున్నది నేను చూడలేదు. గొప్పకి చెప్పట్లేదు.

"తెరవండమ్మా" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి అద్దంలోకి చూశారు. చెయ్యి పైకెత్తి, తలని ముట్టుకోకుండా ఆపేశారు. నచ్చలేదేమోనని దువ్వెన మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"మా అమ్మ" అన్నారు.

ఆవిడ అద్దంలోంచి చూపు తిప్పలేదు. "పోయి ఎన్నేళ్ళయిందో. మొహం మర్చిపోయాననుకున్నాను" అన్నారు, నాతో కాదు.

బయట ఇద్దరు కాచుకుని కూర్చున్నారు. ఆవిడకి అది గుర్తొచ్చి లేవబోయి, మళ్ళీ ఆగి, "ఇంకాసేపు కూర్చోవచ్చా?" అని అడిగారు. ఎంతమంది పిల్లల్ని లేచి నిలబడమన్న గొంతో అది!

కూర్చోండమ్మా అన్నాను. బయటివాళ్ళని రెండో కుర్చీకి పంపాను. ముందు వెంట్రుకలు కదిలిపోతున్నాయని ఆవిడ ఫ్యాను తగ్గించమన్నారు. తగ్గించి, ఒక స్టూలు లాక్కుని నేనూ ఆవిడ పక్కన కూర్చున్నాను.

నీ వదిన